కాస్తియోన్, 1453: నూరేళ్ల యుద్ధం ముగిసిన పొలం చూసొచ్చాను

వేంగి_కుర్రాడు (బోర్డో)

అందరికీ నమస్కారం. మన వేదికలో నూరేళ్ల యుద్ధం (ఇంగ్లండ్, ఫ్రాన్స్ రాజుల మధ్య జరిగింది) మాట ఎప్పుడొచ్చినా, ఇంగ్లిష్‌వాళ్లు గెలిచిన అజిన్‌కోర్ దగ్గర మొదలై, ఫ్రెంచ్ సేనల్ని ముందుకు నడిపిన జోన్ ఆఫ్ ఆర్క్ దగ్గర ఆగిపోతుంది. అది చివరికి ఎక్కడ తేలిందో ఎవరూ అడగరు. మొన్న ఆదివారం ఆ చోటుకే వెళ్లొచ్చాను. అప్పట్నుంచీ అదే మనసులో తిరుగుతోంది, అందుకే రాస్తున్నాను.

నేనుండే బోర్డోలో (ఫ్రాన్స్ నైరుతి మూల) బెర్జెరాక్ వైపు వెళ్లే లోకల్ రైలెక్కితే లిబూర్న్, సెంతెమిల్యోన్ దాటాక కాస్తియోన్ వస్తుంది. గంట కూడా పట్టదు. దారి పొడుగునా ద్రాక్షతోటలే. 1453 జులై 16న జాన్ టాల్బట్ అనే ఇంగ్లిష్ సేనాని దాదాపు ఇదే దారిన వచ్చాడు. బోర్డోలో బయల్దేరి పొద్దుగూకేసరికి లిబూర్న్ చేరాడు. అక్కడ కాసేపు ఆగి, కాలిబంట్లను వెనకే రమ్మని, గుర్రాల మీదున్న వాళ్లను తీసుకుని రాత్రంతా ప్రయాణం చేశాడు. తెల్లారేసరికి కాస్తియోన్ పక్కనున్న అడవిలో ఉన్నాడు. ఆ రోజు గడవకముందే అతనూ, అతని కొడుకూ ఇద్దరూ చనిపోయారు. ఇంగ్లండ్ రాజులు 300 ఏళ్లు ఏలిన గాస్కనీ, అంటే బోర్డో చుట్టుపక్కల ప్రాంతం, ఆ ఒక్క పూటలో చేజారింది.

యుద్ధం జరిగిన చోట ఇప్పుడు పొలాలే. ఉత్తరాన లిద్వార్ అనే వాగు, మన పంటకాలువంత ఉంటుంది. దక్షిణాన దోర్దోన్ నది. ఈ రెండిటి మధ్య బల్లపరుపు నేల. ఊరి పేరు మాత్రం 1953లో, 500 ఏళ్లు నిండినప్పుడు, కాస్తియోన్-లా-బతాయ్ అని మార్చుకున్నారు. బతాయ్ అంటే యుద్ధం.

ఇంత పెద్ద సంగతి ఇంత తక్కువగా ఎందుకు తెలుసు మనకి? తెలిసినవాళ్లు చెప్పండి.

సివిల్స్_రెండోసారి (హైదరాబాద్)

మంచి టాపిక్ అన్నా. నాకు మొదటి డౌట్ ఏంటంటే, ఇంగ్లిష్‌వాళ్లు బోర్డోలో ఏం చేస్తున్నారు? ఆక్రమించుకున్నారా?

తెనాలి_మాస్టారు

ఆక్రమణ కాదు బాబూ, పెళ్లి. 1152లో అక్విటేన్ (బోర్డో ఉన్న సంస్థానం) వారసురాలు ఎలియనోర్, హెన్రీ ప్లాంటాజెనెట్‌ని పెళ్లాడింది. రెండేళ్లకు ఆయన ఇంగ్లండ్ రాజయ్యాడు. ఆవిడతో పాటు బోర్డో, దాని చుట్టుపక్కల నేల అంతా ఆ వంశానికి వచ్చేసింది. కాబట్టి 1453 నాటికి బోర్డో జనానికి లండన్‌లో ఉన్న రాజు పరాయివాడు కాదు, తాతముత్తాతల కాలం నుంచీ తమ రాజే. పారిస్‌లో ఉన్నవాడే కొత్త.

దీంట్లో వ్యాపారం కూడా ఉంది. బోర్డో బతుకంతా ద్రాక్షసారా మీద. పద్నాలుగో శతాబ్దం మొదట్లో బాగా పండిన ఏడాది దాదాపు లక్ష పెద్ద పీపాలు ఓడలెక్కేవి, పీపాకి సుమారు 900 లీటర్లు. అందులో ఇంగ్లండ్‌కి వెళ్లేదే ఎక్కువ. ఏటా శరదృతువులో ఆ ఓడల కోసం రేవు ఎదురుచూసేది.

1451లో ఫ్రెంచ్ రాజు ఏడో ఛార్లెస్ సేనలు బోర్డోని పట్టుకున్నాయి. ఏడాది తిరక్కుండానే ఊరి పెద్దలు రహస్యంగా లండన్‌కి కబురు పంపారు, మమ్మల్ని విడిపించండి అని. 1452 అక్టోబరులో టాల్బట్ సుమారు 3,000 మందితో దిగాడు. ఊరివాళ్లే తలుపులు తీశారు. మరుసటి ఏడాది వేసవిలో ఛార్లెస్ మూడు వైపుల నుంచి సైన్యాలు నడిపాడు. వాటిలో ఒకటి కాస్తియోన్‌ని ముట్టడించింది. అక్కణ్ణుంచి కథ మన వేంగి కుర్రాడు చెప్పిందే.

మట్టిపని (నంద్యాల)

చరిత్ర నా సబ్జెక్ట్ కాదు, నేను కాలువ పనులు చేయించేవాణ్ణి. కానీ ఈ యుద్ధం గురించి చదివినప్పుడు నన్ను పట్టేసింది ఫ్రెంచ్ వాళ్ల శిబిరం.

వాళ్లు ఊరిగోడ పక్కనే దిగలేదు. ఊరి ఫిరంగులకు అందనంత దూరంలో దిగి, 700 మంది కూలీలను పెట్టి కందకం తవ్వించారు. తవ్విన మట్టిని లోపలి వైపు పోసి గట్టు కట్టారు, గట్టు జారిపోకుండా చెట్ల మొద్దులు వేశారు. పొడవు సుమారు 600 మీటర్లు, వెడల్పు 200. ఒక పక్క లిద్వార్ వాగు ఒడ్డే అడ్డం, అటు తవ్వాల్సిన పని లేదు. అంటే మిగిలిన మూడు వైపులా కలిపి 1,000 మీటర్లు. పని మూడు నాలుగు రోజుల్లో అయిపోయింది.

ఇక్కడి నుంచి లెక్క నాది. 700 మంది మూడు రోజులు అంటే 2,100 కూలిదినాలు. మనిషికి రోజుకు అర మీటరు పొడవు. నదీతీరం ఒండ్రుమట్టిలో, పార, గడ్డపార ఉంటే, అలవాటున్న మనిషి పొద్దుట్నుంచి సాయంత్రం దాకా రెండు రెండున్నర క్యూబిక్ మీటర్లు తీస్తాడు. అంటే మూడు మీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటరు లోతు కందకం తేలిగ్గా వస్తుంది. అటుపక్క గట్టు ఎత్తు కూడా కలుపుకుంటే, కింద నిలబడి ఎక్కాల్సినవాడికి నిలువెత్తు పైనే కనిపిస్తుంది. కవచం వేసుకున్నవాడు ఆ పచ్చి మట్టి మీద ఎలా ఎక్కుతాడో ఆలోచించండి. వానాకాలంలో కొత్త గట్టు మీద ఉత్త కాళ్లతో ఎక్కడమే కష్టం.

ఆ 700 మంది పేర్లు ఎక్కడా ఉండవు. నా మట్టుకు నాకు ఆ రోజు గెలిచింది వాళ్లే.

పాతకోట (వరంగల్)

మట్టిపని గారూ, చాలా రోజులకి మంచి పోస్ట్ చదివాను. దీనికి ఒక్కటి కలుపుతాను. ఆ గట్టు తిన్నగా గీత గీసినట్టు లేదు. పాత వాగు గర్భం వంపులు పట్టుకుని మెలికలు తిరిగింది. అందువల్ల ఎక్కడ ఎక్కబోయినా ఎదుటి ఫిరంగితో పాటు పక్క వంపులో ఉన్న ఫిరంగి గురి కూడా తగులుతుంది. ఎదురుగా వచ్చే గుండు ఒకరిద్దరిని పడేస్తుంది. పక్క నుంచి వరస వెంబడి వచ్చే గుండు ఆగదు. ఒక్కో గుండుకి ఐదారుగురు కూలిపోయారని ఆనాటి వృత్తాంతాలు చెప్పేది అందుకే.

ఫిరంగులు మొత్తం 300 అంటారు. అన్నీ కోటగోడలు పగలగొట్టే పెద్దవి అనుకోవద్దు, వాటిలో చేత్తో పట్టుకుని కాల్చే చిన్నవి చాలా ఉండి ఉంటాయి. వీటన్నిటి వెనకున్న మనిషి జాన్ బ్యూరో. పుట్టుకతో యోధుడు కాదు. పారిస్ కోర్టులో పని చేసిన న్యాయవాది, తర్వాత రాజుగారి ఖజానా లెక్కలు చూశాడు. తమ్ముడు గాస్పార్, తనూ కలిసి ఫిరంగుల శాఖని నడిపారు. 1449-50లో ఉత్తర ఫ్రాన్స్‌లోని నార్మండీ మొత్తం ఏడాదిలో ఫ్రెంచ్ చేతికి వచ్చిందంటే వీళ్ల బండ్ల మీద కదిలిన ఫిరంగుల వల్లే చాలావరకు. చాలా కోటలు ఫిరంగులు బారు తీరగానే లొంగిపోయాయి. 1451లో బోర్డో పడ్డాక అక్కడి మేయరుగా కూడా ఇతన్నే వేశారు.

ఇంకో సంగతి. మనం వాడే ‘ఫిరంగి’ అనే మాటే ఫ్రాంకుల నుంచి వచ్చింది. పారశీకంలో యూరప్‌వాళ్లందర్నీ ఫరంగీ అన్నారు. వాళ్లు తెచ్చిన ఆయుధానికి మన భాషలో అదే పేరు నిలిచింది. బొప్పాయిని కొన్ని ఊళ్లలో పరంగికాయ అనేదీ అందుకే. ఫ్రాంకుల దేశంలో ఫిరంగి గెలిచిన రోజు గురించి తెలుగులో మాట్లాడుకుంటుంటే ఒళ్లు పులకరిస్తోంది.

సివిల్స్_రెండోసారి (హైదరాబాద్)

ఫిరంగి సంగతి సూపర్. కానీ టాల్బట్ అంత అనుభవం ఉన్నవాడు కదా, ఇలాంటి శిబిరం మీదికి నేరుగా ఎందుకు వెళ్లాడు?

వేంగి_కుర్రాడు (బోర్డో)

తమ్ముడూ, నేను ఆ పొలంలో నిలబడి అడుక్కున్న ప్రశ్న ఇదే.

టాల్బట్‌కి అప్పటికి 65 దాటాయి. బతుకంతా ఫ్రాన్స్‌లోనే యుద్ధాలు. 1429లో పాతే దగ్గర జోన్ సేనలకి పట్టుబడి నాలుగేళ్లు బందీగా ఉన్నాడు. 1449లో నార్మండీలోని రువాన్ లొంగినప్పుడు మళ్లీ ఫ్రెంచ్‌వాళ్ల చేతిలో పడ్డాడు. మరుసటి ఏడాది విడిచిపెట్టినప్పుడు, ఫ్రెంచ్ రాజు మీద ఇక కవచం తొడగనని మాట ఇచ్చాడంటారు. ఆ మాట అక్షరాలా నిలబెట్టుకున్నాడు. కాస్తియోన్‌కి వచ్చాడు, కానీ కవచం లేకుండా వచ్చాడు. తెల్లజుట్టు, ఎర్ర మఖమలు అంగీ, తెల్ల గుర్రం. అందరూ కాలినడకన పోరాడుతుంటే ఆయనొక్కడే గుర్రం మీద.

నిజానికి ఆయన మొదట కదలనన్నాడు. ఫ్రెంచ్‌వాళ్లను బోర్డో దాకా రానిచ్చి అక్కడ కొడదామన్నాడు. కాస్తియోన్ జనం కబురు మీద కబురు పంపారు, బోర్డో పెద్దలు మాటలన్నారు, అప్పుడు బయల్దేరాడు. తెల్లవారుజామున ఊరికి ఉత్తరాన ఒక మఠంలో కాపలా ఉన్న ఫ్రెంచ్ విలుకాళ్లను నిద్రలో ఉండగానే చెదరగొట్టాడు. మనుషులు అలిసిపోయి ఉన్నారు. అక్కడే ఆగి, కాలిబంట్లు వచ్చేదాకా విశ్రాంతి తీసుకోవాలనుకున్నాడు.

అప్పుడు ఊళ్లోంచి ఒకడు పరుగున వచ్చాడు. ఫ్రెంచ్ శిబిరం వైపు పెద్ద ధూళి లేచింది, వాళ్లు పారిపోతున్నారు అని. టాల్బట్ నమ్మాడు. జులై ఎండకి ఎండిన నేల, గుర్రాలు కదిలితే దుమ్ము మేఘంలా లేస్తుంది. కానీ కదిలింది సైన్యం కాదు. యుద్ధం వస్తోందని శిబిరంలో చోటు కోసం గుర్రాలనీ, వాటి పనివాళ్లనీ బయటికి పంపించేస్తున్నారు. అంతే.

దగ్గరికి వచ్చి చూస్తే గట్టు నిండా మనుషులు, ఫిరంగులు. ఎవరింగ్‌హామ్ అనే అనుభవజ్ఞుడైన వీరుడు, మన కాలిబంట్లు వచ్చేదాకా ఆగుదామని చెప్పాడు. టాల్బట్ వినలేదు. ఆ ఎవరింగ్‌హామే జెండా పట్టుకుని గట్టు ఎక్కి అక్కడే పడిపోయాడు.

దాదాపు గంట సేపు గట్టు దగ్గర పెనుగులాట. వెనకొచ్చే కాలిబంట్లు ఎవరు ముందొస్తే వాళ్లు గుంపులు గుంపులుగా వచ్చి అదే మంటలోకి దిగారు. ఆఖరికి ఉత్తరాన దాగి ఉన్న బ్రెటన్ రౌతులు (బ్రిటనీ ప్రాంతం వాళ్లు, ఫ్రెంచ్ పక్షం) వచ్చి ఇంగ్లిష్ సేన పక్క మీద పడ్డారు. నది వైపు పరుగు మొదలైంది. అక్కడ రేవు దగ్గర ఫిరంగి గుండు తగిలి టాల్బట్ గుర్రం కూలింది, ఆయన దాని కింద ఇరుక్కుపోయాడు. ఒక ఫ్రెంచ్ విలుకాడు గొడ్డలితో తల మీద కొట్టాడు. కొడుకు లైల్ తండ్రిని వదిలి పోకుండా అక్కడే చచ్చిపోయాడు.

నేను ఆ రేవు దగ్గర చాలాసేపు కూర్చున్నాను. నీళ్లు గోధుమరంగులో నెమ్మదిగా పోతున్నాయి. అవతలి ఒడ్డు అంత దూరమేం కాదు. ఈత వచ్చినవాడు దాటేయగలడు. వాళ్లలో ఎంతమంది దాటారో.

ఉప్పుగాలి (విశాఖ)

వేంగి గారు రాసింది చదివి కళ్లు చెమర్చాయి. కానీ ‘ఒక్క పూటలో చేజారింది’ అన్న మాట ఒప్పుకోలేను. ఆట అంతకు ముందే అయిపోయింది. 1435లో అప్పటిదాకా ఇంగ్లిష్ పక్షాన ఉన్న బర్గండీ డ్యూక్ (ఫ్రాన్స్‌లో పెద్ద సామంతుడు) వాళ్లను వదిలి ఛార్లెస్‌తో ఆరాస్‌లో సంధి చేసుకున్నాడు. మరుసటి ఏడాదే ఇంగ్లిష్‌వాళ్ల చేతిలోంచి పారిస్ పోయింది. 1445లో ఛార్లెస్ నెలజీతం మీద ఉండే శాశ్వత సైన్యం పెట్టాడు. 1450లో ఫోర్మిన్యీ దగ్గర ఇంగ్లిష్‌వాళ్ల చివరి పెద్ద సేన నార్మండీలో తుడిచిపెట్టుకుపోయింది. అప్పటికి ఇంగ్లండ్ ఖజానా ఖాళీ, రాజు ఆరో హెన్రీ బలహీనుడు. కాస్తియోన్‌లో టాల్బట్ గెలిచినా ఛార్లెస్ దగ్గర ఇంకా రెండు సైన్యాలున్నాయి. నిర్ణయాత్మకం అంటే ఫలితాన్ని మార్చేది కదా?

తెనాలి_మాస్టారు

ఉప్పుగాలి గారి వాదనలో బలం ఉంది. జీతాల సైన్యం గురించి నేనూ అదే అంటాను. అంతకు ముందు యుద్ధం ఆగితే సైనికులు పల్లెల మీద పడి దోచుకునేవాళ్లు. 1445 తర్వాత వాళ్లకి జీతం, ఊళ్లో బస, పై అధికారి. ఆ జీతానికి డబ్బు తాయ్ అనే పన్ను నుంచి వచ్చింది. బ్యూరో లాంటి లెక్కలవాడు ముందుకు రావడం ఇలాంటి రాజ్యంలోనే సాధ్యం.

కానీ ఒక మాట. 1452లో కూడా అందరూ అంతా అయిపోయిందనే అనుకున్నారు. టాల్బట్ దిగాడు, బోర్డో తలుపులు తెరుచుకున్నాయి, నెలల్లో చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి వచ్చేశాయి. అంటే జనం మనసు ఇంకా తేలలేదు. కాస్తియోన్ తర్వాత తేలింది. మళ్లీ ఏ టాల్బటూ రాలేదు. అక్టోబరు 19న బోర్డో లొంగిపోయింది. ఇక ఎన్నడూ తిరిగి పోలేదు. ఆ అర్థంలో నేను దాన్ని నిర్ణయాత్మకం అంటాను.

ఉప్పుగాలి (విశాఖ)

మాస్టారూ, ఆ అర్థంలో అయితే ఒప్పుకుంటాను. జనం మనసు తేలడం అన్న పాయింట్ నాకు తట్టలేదు.

నల్లరేగడి (రాయచూరు దగ్గర)

మాది తెలుగు కుటుంబం, మూడు తరాలుగా ఇక్కడే సేద్యం. ఫిరంగులు అనగానే నాకు 1520 రాయచూరు గుర్తొచ్చింది. అక్కడ ఆదిల్‌షా దగ్గర కూడా ఫిరంగుల బలం చాలా ఉంది. మరి కృష్ణదేవరాయలు ఎలా గెలిచాడు? కాస్తియోన్‌లో పని చేసింది రాయచూరులో ఎందుకు చేయలేదు?

పాతకోట (వరంగల్)

మంచి ప్రశ్న. పోర్చుగీసు వ్యాపారి నూనిజ్ రాసినదాన్ని బట్టి, ఆదిల్‌షా ఫిరంగులన్నీ ఒక్కసారే పేల్చాడు. రాయల ముందు వరస దెబ్బతిని వెనక్కి తగ్గింది. అయితే మళ్లీ మందు కూరి గుండు పెట్టడానికి టైమ్ పడుతుంది. శత్రువులు తరుముకుంటూ ముందుకొచ్చినప్పుడు రాయలు తన రెండో దళంతో మీద పడ్డాడు.

బ్యూరో మనుషులు గట్టు దాటి రాలేదు. శత్రువు చెదిరిపోయేదాకా లోపలే ఉన్నారు. మందు కూరుకునే సమయాన్ని వాళ్లకి ఆ కందకమే ఇచ్చింది. మట్టిపని గారి 700 మంది దగ్గరికే మళ్లీ వచ్చాం చూడండి.

నాకు ఇంకో పోలిక కూడా బలంగా కనిపిస్తుంది. 1346లో క్రెసీ, 1415లో అజిన్‌కోర్: రెండు చోట్లా ఇంగ్లిష్‌వాళ్లు మంచి చోటు చూసుకుని నిలబడ్డారు, ఫ్రెంచ్ వీరులు ఆగలేక మీదికొచ్చి బాణాలకి కూలారు. కాస్తియోన్‌లో అటు ఇటు అయింది. ఫ్రెంచ్‌వాళ్లు ఆ పాఠం నేర్చుకున్నారు, నేర్పినవాళ్లే మర్చిపోయారు.

గోరింటాకు (గుంటూరు)

ఇంతసేపూ సేనానుల గురించి, ఫిరంగుల గురించి చదివాను. బోర్డో జనం ఏమయ్యారు? వాళ్లే కదా టాల్బట్‌ని పిలిచింది. వాళ్ల గురించి ఎవరైనా చెప్పండి.

వేంగి_కుర్రాడు (బోర్డో)

అడిగినందుకు థాంక్స్ అండి, నేను చెప్పాలనుకున్నది ఇదే.

1451లో మొదటిసారి లొంగినప్పుడు ఛార్లెస్ మెత్తగా ఉన్నాడు, పాత హక్కులు చాలావరకు ఉంచాడు. రెండోసారి అలా లేడు. ఊరి మీద లక్ష ఎక్యూల (ఫ్రెంచ్ బంగారు నాణేలు) జరిమానా వేశాడు, తర్వాత కొంత తగ్గించాడు. ఊరి పాత హక్కులు తీసేశాడు. పిలిచిన పెద్దల్లో 20 మందిని వెళ్లగొట్టాడు. చాలా కుటుంబాలు ఓడలెక్కి ఇంగ్లండ్ వెళ్లిపోయాయి. భాష ఒకటి, ఇల్లు ఒకచోట, రాజు ఇంకోచోట. వాళ్లు ఏ దేశస్థులని చెప్పుకుని ఉంటారో నాకు అర్థం కాదు.

అన్నిటికంటే నన్ను తాకేది ఊరికి రెండు చివర్లా కట్టిన కోటలు. ఒకటి ట్రోంపెత్, ఇంకొకటి ఆ కోట. (పేరే ‘ఆ’ అండి, అచ్చుతప్పు కాదు.) కోటలు మామూలుగా బయటి శత్రువు కోసం కడతారు. వీటి ఫిరంగుల గురి మాత్రం ఊరి మీదికే. ట్రోంపెత్‌ని 1818లో పడగొట్టారు, ఆ చోటే ఇప్పుడు కెంకోన్స్ అనే పెద్ద మైదానం. నేను రోజూ ట్రామ్ మారేది అక్కడే. రెండో కోటలో రెండు బురుజులు మిగిలాయి. ఒకదాని పేరు ఇంగ్లిష్‌వాళ్ల బురుజు. మేయరు బ్యూరో చేసిన పనులేవీ ఇక్కడి కబుర్లలో వినపడవు. టాల్బట్ పేరు మాత్రం సెంజూలియెన్‌లో ఒక ద్రాక్షతోట మీద, సీసాల మీద ఇప్పటికీ ఉంది. ఓడిపోయినవాడి పేరుని పెట్టుకున్నారు, గెలిచినవాడిది కాదు.

సివిల్స్_రెండోసారి (హైదరాబాద్)

చివరి డౌట్. సంధి ఎప్పుడు రాసుకున్నారు? నోట్స్‌లో 1453 అని ఉంది కానీ సంధి పేరు లేదు.

ఉప్పుగాలి (విశాఖ)

పేరు లేకపోవడానికి కారణం, ఆ ఏడాది సంధే లేదు. కాస్తియోన్ వార్త వెళ్లిన ఆ ఆగస్టులోనే ఆరో హెన్రీకి మతిభ్రమణం వచ్చింది, ఏడాదికి పైగా మనుషుల్ని గుర్తుపట్టలేదు. 1455లో ఇంగ్లండ్‌లో వాళ్లలో వాళ్లకే యుద్ధం మొదలైంది. ఇక ఫ్రాన్స్ మీదికి వచ్చేదెవరు? 1475లో ఇంగ్లండ్ రాజు నాలుగో ఎడ్వర్డ్ సైన్యంతో ఫ్రాన్స్‌లో దిగి, పికిన్యీ దగ్గర డబ్బు తీసుకుని వెనక్కి వెళ్లాడు. ఫ్రాన్స్ ఉత్తర తీరంలోని కలే రేవు 1558 దాకా ఇంగ్లిష్‌వాళ్ల దగ్గరే ఉంది. ‘ఫ్రాన్స్ రాజు’ అన్న బిరుదుని లండన్ వదులుకున్నది 1801లో. జవాబులో 1453తో పాటు ఈ నాలుగు తేదీలూ రాయి తమ్ముడూ.

గోరింటాకు (గుంటూరు)

ఇంకొక్కటి. కవచం లేకుండా, ఆ తొక్కిసలాటలో పడిపోయిన ముసలాయన్ని తర్వాత ఎలా గుర్తుపట్టారు?

తెనాలి_మాస్టారు

పన్ను బట్టి అమ్మా. మర్నాడు టాల్బట్ దగ్గర ఎన్నో ఏళ్లుగా పని చేసిన వార్తాహరుణ్ణి తీసుకొచ్చి శవాన్ని చూపించారు. ముఖం చూసి పోల్చుకునేలా లేదు. అతను మోకాళ్ల మీద కూర్చుని, వేలు నోట్లో పెట్టి, ఎడం పక్క పోయిన దంతం ఖాళీ కోసం తడిమాడు. దొరికింది. అప్పుడు ముద్దు పెట్టుకుని ఏడ్చాడని, తన ఒంటి మీది అధికార వస్త్రం తీసి యజమాని మీద కప్పాడని రాశారు. ఎముకలు తర్వాత ఇంగ్లండ్ చేరాయి. ష్రాప్‌షైర్‌లో విట్‌చర్చ్ అనే ఊళ్లో చర్చిలో ఉన్నాయి.

మేఘమాల (మాంచెస్టర్)

ఇన్నాళ్లూ చదువుతూనే ఉన్నాను, రాయడం ఇదే మొదలు. విట్‌చర్చ్ మాకు కారులో గంట పైన ఉంటుంది. వచ్చే శనివారం వెళ్తాను. సమాధి ఫొటోలు ఇక్కడే పెడతాను. వేంగి గారూ, మీరు రేవు దగ్గర తీసిన ఫొటో ఉంటే దాని పక్కన పెట్టండి.